రెజ్యూమేలో హాబీలు: ఉంచితే మేలా, లేపేస్తే మేలా?

మొన్న ఆదివారం మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో రెజ్యూమే పంపాడు. బీటెక్ ఫైనల్ ఇయర్, వచ్చే వారం క్యాంపస్‌కి ఏదో కంపెనీ వస్తోందట, "అన్నా ఒకసారి చూసి చెప్పవా" అని. ఓపెన్ చేసి కిందికి జరుపుకుంటూ పోతే చివర్లో నాకు బాగా పరిచయమున్న లైను. హాబీస్: లిజనింగ్ టు మ్యూజిక్, ప్లేయింగ్ క్రికెట్, సర్ఫింగ్ ఇంటర్నెట్. దాని కింద తండ్రి పేరు, పుట్టిన తేదీ, మారిటల్ స్టేటస్, ఆ కింద "ఐ హియర్‌బై డిక్లేర్" అంటూ ఓ ప్రమాణం. 2009లో అమీర్‌పేటలో ఓ నెట్ సెంటర్‌లో నేను ప్రింట్ తీయించుకున్నది కూడా అక్షరం పొల్లుపోకుండా ఇదే! ఆ వర్డ్ ఫైలు సీనియర్ నుంచి జూనియర్‌కి, పెన్‌డ్రైవ్ నుంచి జీమెయిల్‌కి, అక్కణ్నుంచి వాట్సాప్‌కి, పైన పేరు ఒక్కటి మార్చుకుంటూ ఇన్నేళ్లు బతికేసింది. సర్ఫింగ్ ఇంటర్నెట్ హాబీ ఏంట్రా, గాలి పీల్చడం కూడా రాయకపోయావా అన్నాను. వాడు నవ్వేసి "అయితే మొత్తం తీసేయనా?" అన్నాడు. తీసెయ్ అని ఠక్కున అనలేకపోయా.

ఎందుకంటే అందరూ రాయాలా వద్దా అని రెండు ముక్కల్లో అడుగుతారు గానీ నా లెక్కలో ఇక్కడ దారులు మూడున్నాయి. అస్సలు రాయకపోవడం, అందరూ రాసేదే రాయడం, మనకి నిజంగా ఉన్నది ఏదో ఒక్కటి విడమర్చి రాయడం. వీటిలో మధ్యది శుద్ధ దండగ, ఇది మాత్రం దెబ్బ తిని చెప్తున్నా. నా ఫస్ట్ ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు నా రెజ్యూమేలో రీడింగ్ బుక్స్ అని ఉంది, అది నేను రాసింది కూడా కాదు, ఆ ఫైల్లో ముందే ఉంది. ప్యానెల్లో ఒకాయన మంచి మూడ్‌లోనే, నన్ను కాస్త కుదురుకోనిద్దామనే అనుకుంటా, "ఈ మధ్య ఏం చదివారు?" అన్నాడు. బుర్ర ఖాళీ. చివరికి సీ లాంగ్వేజ్ టెక్స్ట్‌బుక్ పేరు చెప్పా. పక్కనున్నావిడ నవ్వాపుకుంది, నాకు చెవులు వేడెక్కిపోయాయి, ఆ తర్వాత పాయింటర్ల మీద అడిగిన తెలిసిన ప్రశ్నకి కూడా తడబడ్డా. ఉద్యోగం రాలేదని వేరే చెప్పాలా. ఒక్క లైనే కదా ఏం పోతుంది అంటారు చూడండి, పోయేది ఇదే, ఇంటర్వ్యూలో మనం చేతులారా ఇచ్చే ప్రశ్న అది ఒక్కటే, దానికే జవాబు లేకపోతే మిగతా రెజ్యూమే మొత్తం మీద అనుమానం వస్తుంది.

ఇక అస్సలు రాయొద్దు అనే వాళ్ల మాటలో కూడా న్యాయం ఉంది. లాడర్స్ అనే అమెరికన్ జాబ్ సైట్ వాళ్లు 2018లో రిక్రూటర్ల కళ్లు ఎటు తిరుగుతున్నాయో ట్రాక్ చేసి చూస్తే ఒక రెజ్యూమే మీద మొదటి చూపు సగటున 7.4 సెకన్లే నిలిచిందట, అదీ ఎక్కువగా ఉద్యోగాల పేర్లు, హెడ్డింగుల మీదే. ఆ ఏడు సెకన్లలో మన పాటల పిచ్చి ఎవడు చూస్తాడు. దానికి ముందు ఏటీఎస్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది, వందల రెజ్యూమేల్లో జావా, స్ప్రింగ్ బూట్, ఏడబ్ల్యూఎస్ లాంటి స్కిల్స్ పేర్లు వెతికి పక్కన పెట్టుకునేది, దానికి మీరు వయొలిన్ వాయించినా ఒకటే, వాయించకపోయినా ఒకటే. నేనిప్పుడు మా ఆఫీసులో అప్పుడప్పుడు ప్యానెల్లో కూర్చుంటా, ఎనిమిదేళ్లు పదేళ్లు ఎక్స్‌పీరియన్స్ ఉన్నాయన రెజ్యూమే వచ్చిందంటే నాకు కావాల్సింది లాస్ట్ ప్రాజెక్టులో ఈయన స్వయంగా ఏం చేశాడన్నదే, చాలామంది "వీ డిడ్, వీ డెవలప్డ్" అని రాసి మనిషి కనపడకుండా పోతారు, అలాంటాయన చివర్లో గార్డెనింగ్ అని రాస్తే ఆ లైను జాగా ప్రాజెక్టుకిచ్చుంటే బాగుండేది కదా అనిపిస్తుంది. కాబట్టి అయిదారేళ్లు దాటిన వాళ్లు నిస్సంకోచంగా లేపేయొచ్చు, నాకైతే డౌటే లేదు.

ఫ్రెషర్ కథ అలా కాదు. అరవై మంది క్లాసులో అరవై మందికీ అదే సిలబస్, అవే ల్యాబులు, ప్రాజెక్టు కూడా చాలామందిది ఒకే షాపులో కొన్నదే (కోప్పడకండి, మనందరికీ తెలిసిందేగా). మనిషిని మనిషి నుంచి వేరు చేసేది ఆ పేజీలో ఏముంటుంది? అందుకే మావాడిని కూర్చోబెట్టి, అంటే ఫోన్లోనే, అడిగా. క్రికెట్ అని రాశావు, బ్యాటింగా బౌలింగా? "ఆడను అన్నా, నన్ను ఎవరూ తీసుకోరు, స్కోర్ రాస్తా." ఎక్కడ? "మన ఊళ్లో సంక్రాంతికి టెన్నిస్ బాల్ టోర్నమెంట్ పెడతారు కదా, ఇంటర్ సెకండియర్ నుంచి నేనే స్కోరర్‌ని." వీడు నాలుగేళ్లుగా ఆ పని చేస్తున్నాడని నాకే తెలీదు! సరే ప్యానెల్ వాడిలా అడుగుదామని, లెగ్ బై ఎవరి ఖాతాలో పడుతుంది అన్నా. "ఎవరి ఖాతాలోనూ పడదు, ఎక్స్‌ట్రాలే. బౌలర్‌కి వైడ్లు నోబాల్సే ఎక్కుతాయి, బైలు లెగ్ బైలు ఎక్కవు. అందుకే అన్నా, ఇన్నింగ్స్ అయ్యాక బ్యాటర్ల రన్స్‌కి ఎక్స్‌ట్రాలు కలిపి ఒక టోటల్, బౌలర్లు ఇచ్చినవాటికి బైలు లెగ్ బైలు కలిపి ఇంకో టోటల్, రెండూ ఒకటి కావాలి. ఒక్క రన్ తేడా వచ్చినా ఓవర్ ఓవర్ వెనక్కెళ్లి చూస్తా, లేకపోతే రెండు ఊళ్లూ కొట్టుకుంటాయి."

ఒరేయ్, నువ్వు అప్లై చేసేది టెస్టింగ్ ఉద్యోగానికే కదరా! రెండు వైపుల నుంచి లెక్క వేసి టాలీ కాకపోతే తప్పెక్కడుందో వెతకడమేగా మేం పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసేది. ఇంత సరుకు పెట్టుకుని "ప్లేయింగ్ క్రికెట్" అని రాశావా, అదీ అబద్ధం! మొత్తం మూడు హాబీలూ కొట్టించి ఒక్క లైన్ రాయించా: ఊరి సంక్రాంతి టెన్నిస్ బాల్ టోర్నమెంట్‌కి నాలుగేళ్లుగా స్కోరర్, ప్రతి ఇన్నింగ్స్ బ్యాటింగ్ బౌలింగ్ లెక్కలు టాలీ చేయడం. అంతే. ఇది నా పరీక్ష అన్నమాట, రాసిన దాని మీద ఒకటి కాదు రెండు కాదు మూడో ప్రశ్నకి కూడా నీళ్లు నమలకుండా చెప్పగలిగితే ఉంచాలి, రెండో ప్రశ్నకే చేతులెత్తేస్తే లేపేయాలి.

కానీ నిజమైనదైనా సరే రాసే ముందు కాస్త ఆగి ఆలోచించాల్సినవి కొన్నున్నాయి. హాబీ అనేది మనం ఎక్కణ్నుంచి వచ్చామో చెప్పేస్తుంది. లారెన్ రివేరా, అండ్రాస్ టిల్చిక్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో 316 లా ఫర్మ్ ఆఫీసులకి ఉత్తుత్తి రెజ్యూమేలు పంపారు, 2016లో పేపర్ వచ్చింది. చదువూ మార్కులూ అన్నీ ఒకటే, కొన్నిటిలో పడవ పందాలు, పోలో, క్లాసికల్ సంగీతం, ఇంకొన్నిటిలో పరుగు పందెం, సరదా ఫుట్‌బాల్, కంట్రీ మ్యూజిక్, ఇలాంటి చిన్న తేడాలే. డబ్బున్నోళ్ల అలవాట్లు రాసిన మగ పేర్లకి 16 శాతం పైగా పిలుపులొస్తే, మామూలు ఇంటి అలవాట్లు రాసిన మగ పేర్లకి 2 శాతం కూడా రాలేదు. ఆడ పేర్లకైతే ఇంకో దారుణం, గొప్పింటి అలవాట్లున్నా పెద్దగా లాభం లేకపోయింది, పెళ్లయ్యాక ఉద్యోగం మానేస్తుందేమోనన్న అనుమానం. మనదగ్గర పోలో లేదు గానీ మనకుండేవి మనకున్నాయి. భజన మండలి, కుల సంఘం యూత్ విభాగం, పార్టీ సోషల్ మీడియా టీమ్, ఇవి రాస్తే ఎదురుగా కూర్చున్నాయన మనసులో ఏ లెక్క మొదలవుతుందో చెప్పలేం, అది తప్పే, కానీ తప్పని మనం అన్నంత మాత్రాన ఆగుతుందా. ఒకబ్బాయి ఫలానా హీరో ఫ్యాన్స్ అసోసియేషన్ టౌన్ ప్రెసిడెంట్ అని రాశాడు. పనేంటయ్యా అంటే రక్తదాన శిబిరాలు పెట్టిస్తాడు, బ్లడ్ బ్యాంకుతో మాట్లాడి, టెంట్లు వేయించి, వచ్చినవాళ్లకి జ్యూసులు బిస్కెట్లతో సహా. బంగారం లాంటి పని! హీరో పేరు తీసేసి రక్తదాన శిబిరాల నిర్వహణ అని రాయమన్నా, ప్యానెల్లో వేరే హీరో అభిమాని ఉండడని గ్యారంటీ ఏంటి.

అమెరికా ఎంఎస్‌కి వెళ్లినవాళ్లు కూడా ఇదే ఫైలు తీసుకెళ్లి తండ్రి పేరు, పెళ్లి సంగతి, ఫొటోతో సహా ఇంటర్న్‌షిప్‌లకి పంపేస్తుంటారు. అక్కడ వివక్ష కేసుల భయానికి వయసు, పెళ్లి లాంటివి రెజ్యూమేలో చూడ్డానికే కంపెనీలు ఇబ్బంది పడతాయి, అవి ముందు పీకేయండి. ఇంట్రెస్ట్స్ అని ఒక్క లైను ఉంటే మాత్రం ఎవరూ ఏమీ అనుకోరు.

గవర్నమెంట్ దారిలో వెళ్లేవాళ్లకైతే ఈ చర్చే లేదు. యూపీఎస్‌సీ సివిల్స్‌కి నింపే డీఏఎఫ్ అనే వివరాల దరఖాస్తులో హాబీల కాలమే ఉంటుంది, మొత్తం 2025 మార్కుల్లో ఇంటర్వ్యూకి 275, బోర్డు వాళ్లు ఆ కాలమ్ పట్టుకుని తీగ లాగుతారు, ట్రావెలింగ్ అని రాసి మీ జిల్లాలో కోట పేరు చెప్పలేకపోతే అంతే సంగతులు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ల ఎంపిక చేసే ఎస్ఎస్‌బీకి వెళ్లినా పీఐక్యూ అనే సొంత వివరాల ఫారంలో రాయాల్సిందే. అదే తెలంగాణ గ్రూప్ 1కి 2022 నోటిఫికేషన్ నుంచి ఇంటర్వ్యూనే ఎత్తేశారు, అక్కడ హాబీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మావాడు రాత్రి పదకొండింటికి సరిచేసిన ఫైలు పంపాడు. స్కోరర్ లైన్ చక్కగా కూర్చుంది, సర్ఫింగ్ పోయింది, తండ్రి పేరు పోయింది. కింద ఆ "హియర్‌బై డిక్లేర్" మాత్రం అలాగే ఉంది, ఇదెందుకు ఉంచావురా అంటే "అది తీస్తే మా ప్లేస్‌మెంట్ సార్ ఊరుకోరన్నా" అన్నాడు.