ఇసుకలోకి దిగే ముందు టైరు గాలి: లైటు, అంకె, హారన్, చేతి గేజ్... ఏది మేలు?

మా బావమరిది కిందటేడు కొత్త పికప్ కొన్నాడు. అప్పటి నుంచి నా గ్లోవ్ బాక్స్‌లో ఉన్న గాలి గేజ్‌ని చూసినప్పుడల్లా నవ్వుతాడు. "బావా, ఇంకా ఈ పంక్చర్ షాపు సామాను మోస్తున్నావా? నా బండి గాలి సరిపోగానే అదే హారన్ కొట్టి చెబుతుంది" అంటాడు. నాది పన్నెండేళ్ల పాత పికప్. గాలి తగ్గితే గుర్రపు నాడా లాంటి బొమ్మలో ఒక ఆశ్చర్యార్థకం వెలుగుతుంది. అంతకు మించి అది ఒక్క ముక్క చెప్పదు.

ఇద్దరం ఉండేది టెక్సస్‌లోని ఆస్టిన్‌లోనే. మార్చిలో రెండు బండ్లూ వేసుకుని ప్యాడ్రే ఐలండ్‌కి వెళ్లాం. ఒకే రోజు, ఒకే ఇసుక, రెండు తరాల బండ్లు. పోల్చి చూడటానికి అంతకన్నా మంచి అవకాశం దొరకదు.

చోటు తెలియనివాళ్ల కోసం: కార్పస్ క్రిస్టీ దాటి దక్షిణంగా వెళితే ప్యాడ్రే ఐలండ్ నేషనల్ సీషోర్ వస్తుంది. తారు రోడ్డు అయిపోయాక సముద్రపు ఒడ్డే రోడ్డు. మ్యాన్స్‌ఫీల్డ్ కాలువ దాకా సుమారు 60 మైళ్లు అలాగే పోవచ్చు. మొదటి 5 మైళ్లు మామూలు కార్లు కూడా వెళతాయి. అక్కడున్న బోర్డు దాటితే ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకే దారి. అక్కడి నుంచి బంకు లేదు, కొట్టు లేదు, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. ఇంకా ముందుకు పోతే లిటిల్ షెల్, బిగ్ షెల్ అనే చోట్ల గవ్వల ముక్కలు కలిసిన వదులు ఇసుక. టైరు కింద రవ్వలా జారుతుంది. (ఏప్రిల్ నుంచి కెంప్స్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, మన ఆంధ్ర తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లీలకు దగ్గరి చుట్టాలు. మార్చిలో వెళ్లడానికి అదొక కారణం.)

ఇలాంటి చోట గాలి తీయకుండా దిగితే ఎంత పెద్ద ఇంజన్ ఉన్నా కూరుకుపోవడం ఖాయం. మా రెండు బండ్లకూ డోరు దగ్గరి స్టిక్కరు మీద రాసింది 35 పీఎస్‌ఐ (టైరు గాలి ఒత్తిడిని కొలిచే లెక్క). ఇసుకకు దాన్ని 18-20కి దించుతాం. గాలి తగ్గితే టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది. ఒంటె పాదం చూడండి, అదే సూత్రం. అలాగని 15 కిందికి దించితే గట్టిగా స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు రిమ్ము మీద నుంచి ఊడే ప్రమాదం ఉంది. అంటే మనకున్న వెసులుబాటు నాలుగైదు పీఎస్‌ఐలే. దాన్ని ఏది సరిగ్గా చూపిస్తుందన్నదే అసలు ప్రశ్న.

ముందు నా బండి లైటు సంగతి. ఫైర్‌స్టోన్ టైర్లు, ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ప్రమాదాల గొడవ తర్వాత 2000లో అమెరికా ట్రెడ్ యాక్ట్ అనే వాహన భద్రతా చట్టం తెచ్చింది. దాన్ని బట్టి వచ్చిన నిబంధన ప్రకారం 2007 సెప్టెంబర్ 1 తర్వాత తయారైన కార్లు, 10,000 పౌండ్ల లోపు పికప్‌లు అన్నిటికీ టైరు గాలిని గమనించే ఏర్పాటు ఉండాలి. స్టిక్కరు మీద రాసినదానికన్నా 25 శాతం తగ్గితే లైటు వెలగాలి. అంకె చూపించాలని మాత్రం అందులో లేదు. 35లో 25 శాతం తగ్గిస్తే 26 చిల్లర. నేను 20కి దించాను కాబట్టి తారు రోడ్డు చివర వెలిగిన లైటు సాయంత్రం దాకా వెలుగుతూనే ఉంది. మధ్యలో ఒక టైరు 20 నుంచి 12కి పడిపోయినా ఆ లైటు కొత్తగా చెప్పేదేమీ లేదు. రోజంతా ఏడ్చే పిల్లాడికి నిజంగా కడుపునొప్పి వచ్చినా మనకు తెలియనట్టే.

ఊళ్లో మాత్రం ఈ లైటుకు వంక పెట్టను. నవంబర్‌లో ఉత్తరం నుంచి చలిగాలి దిగిన మర్నాడు పొద్దున వెలుగుతుంది, మధ్యాహ్నానికి ఆరిపోతుంది. 10 డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గితే సుమారు ఒక పీఎస్‌ఐ పోతుంది, లెక్క అంతే. ఆరిపోయింది కదా అని వదిలేయకుండా ఆ వారం గాలి కొట్టించుకుంటే చాలు. ఇంకో మాట: బండి స్టార్ట్ చేయగానే ఆ లైటు నిమిషం పైగా మినుకుమినుకుమని తర్వాత నిలకడగా వెలిగితే గాలి తగ్గినట్టు కాదు, సెన్సర్ వ్యవస్థలోనే లోపం ఉన్నట్టు. లోపలి సెన్సర్ల బ్యాటరీ ఐదు నుంచి పదేళ్లు వస్తుంది, ఆ తర్వాత సెన్సరే మార్చాలి. నావి ఒకసారి మార్చడం అయిపోయింది.

బావమరిది బండిలో నాలుగు టైర్లకూ నాలుగు అంకెలు కనిపిస్తాయి. ఇది చాలా పెద్ద తేడా, లైటు వెలగడం ఆరడం లాంటిది కాదు. అయితే గాలి తీసేటప్పుడు చిన్న తిరకాసు ఉంది. చాలా బండ్లలో చక్రంలోని సెన్సర్ బ్యాటరీ ఆదా కోసం బండి ఆగితే నిద్రపోతుంది. మీరు గాలి తీస్తూ ఉంటారు, తెర మీద పాత అంకే ఉంటుంది. కొంత దూరం నడిపితే గానీ మారదు. తెరను నమ్ముకుని గాలి తీస్తే తీసి, ఎక్కి, నడిపి, చూసి, దిగి మళ్లీ తీయాలి.

ఈ బాధ లేకుండా వచ్చిందే హారన్ పద్ధతి. ర్యామ్, జీప్ బండ్లు కొన్నింటిలో మనకు కావలసిన పీఎస్‌ఐ తెర మీదే ఎంచుకోవచ్చు, దించడానికీ నింపడానికీ రెండింటికీ. ఆ అంకె రాగానే హారన్ మోగుతుంది. జీఎం పికప్‌లలోనూ ఇలాంటి సౌకర్యం ఉంది, కాకపోతే అది స్టిక్కరు అంకె దాకా గాలి నింపడానికి. నింపుతున్నంతసేపు ఇండికేటర్లు మినుకుతాయి, సరిపోగానే హారన్ కొడుతుంది.

మేం తారు రోడ్డు చివర రెండు బండ్లూ పక్కపక్కనే ఆపి మొదలుపెట్టాం. వాడు తెర మీద 20 పెట్టుకుని, పుల్లతో వాల్వ్ పిన్ను నొక్కి పట్టుకున్నాడు. ఒక్కో టైరుకు ఎంతసేపు పట్టిందో లెక్క పెట్టలేదు గానీ మొదటి టైరు దగ్గరే వాడి బొటనవేలు ఎర్రబడింది. నా దగ్గర ఉన్నది వాల్వ్ లోపలి పిన్నునే బయటికి లాగి, గొట్టం గుండా గాలి వదిలే డిఫ్లేటర్. దానికే గేజ్ ఉంటుంది. భుస్సుమని గాలి పోతుంది, మధ్యలో ఆపి అంకె చూసుకోవచ్చు. నా నాలుగు చక్రాలూ అయ్యేసరికి వాడు రెండో చక్రం దగ్గర ఉన్నాడు. "బావా, అదోసారి ఇవ్వు" అన్నాడు. నవ్వడం నా వంతు వచ్చింది.

ఆ నవ్వు మధ్యాహ్నం దాకే నిలిచింది. భోజనాలకు ఆపే ముందు వాడి తెర మీద వెనక కుడి టైరు 17 చూపించింది. మిగతా మూడూ 20, 21. తిని లేచి అరమైలు పోయేసరికి 15. దిగి వెతికితే మేకు లేదు, కోత లేదు. అప్పుడు చిన్నప్పుడు మా ఊరి పంక్చర్ షాపులో చూసిన పద్ధతి గుర్తొచ్చి, వేలికి ఉమ్ము తడి చేసి వాల్వ్ మూతి మీద రాశాను. చిన్న బుడగ ఉబ్బింది, పగిలింది, మళ్లీ ఉబ్బింది. నా డిఫ్లేటర్‌తో పిన్ను లాగి తిరిగి బిగించినప్పుడు దాంతోపాటు ఒక ఇసుక రేణువు లోపలికి పోయింది. కొత్త పిన్ను వేసి గాలి కొడితే సరిపోయింది. అంటే తప్పు చేసింది నా గేజ్, పట్టుకున్నది వాడి అంకె. అదే నా బండికి జరిగి ఉంటే, లైటు పొద్దుటి నుంచీ వెలుగుతూనే ఉంది కాబట్టి, టైరు రిమ్ము వదిలాకే తెలిసేది. అందుకే ఇప్పుడు పిన్ను లాగేముందు వాల్వ్ మూతిని గుడ్డతో తుడిచి, నోటితో ఊది మరీ మొదలుపెడుతున్నాను. డబ్బాలో నాలుగైదు పిన్నులు కూడా ఉంచుతున్నాను.

సాయంత్రం తారు రోడ్డు ఎక్కే ముందు గాలి నింపడంలో హారన్‌దే గెలుపు, సందేహం లేదు. బ్యాటరీకి క్లిప్పులు పెట్టి నడిపే కంప్రెసర్ చప్పుడు, సముద్రపు గాలి హోరు, మసక వెలుతురు. నేను మోకాళ్ల మీద కూర్చుని కంప్రెసర్ ఆపడం, గేజ్ పెట్టడం, 31 చూసి మళ్లీ ఆన్ చేయడం, ఇసుక మోచేతుల దాకా అంటించుకోవడం. వాడు వెనక డోరు దించుకుని, దాని మీద కూర్చుని చెగోడీలు తింటూ హారన్ కోసం ఎదురుచూడటం. పక్కన గుడారాలు వేసుకున్నవాళ్లు నాలుగోసారి హారన్‌కి తలలు బయటికి పెట్టి చూశారు, అది వేరే సంగతి.

ఈ నింపడం బద్ధకించే పని కాదు. 20 పీఎస్‌ఐతో ఐ-37 హైవే మీద 75 మైళ్ల వేగంతో పోతే టైరు పక్క గోడలు ప్రతి చుట్టుకూ మడతపడి వేడెక్కుతాయి, బద్దలయ్యే ప్రమాదం ఉంది.

ఇంకో రెండు రకాలున్నాయి, త్వరగా చెప్పేస్తాను. టైరులో గాలి సెన్సర్ లేకుండా, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) కొలిచే చక్రాల వేగం చూసి అంచనా వేసే పద్ధతి ఒకటి: గాలి తగ్గిన టైరు చుట్టుకొలత కాస్త తగ్గి, వేగంగా తిరుగుతుందన్నది దాని ఆధారం. చక్రాలు జారుతూ తిరిగే ఇసుకలో ఆ లెక్కకు అర్థం ఉండదు. పైగా 20 దగ్గర రీసెట్ నొక్కితే అదే మామూలు గాలి అనుకుని హైవే మీద కూడా నోరు మూసుకుంటుంది. బీచ్‌కి ఇది వద్దు. రెండోది వాల్వ్ మూత స్థానంలో బిగించే సెన్సర్లు. గాలి తీయాలంటే ముందు దాన్ని విప్పాలి, విప్పినది ఇసుకలో పడితే వెతకాలి, ఉప్పు గాలికి వాల్వ్‌కే పట్టేసినా పట్టేస్తుంది. పడవ ట్రైలర్ లాగేవాళ్లకు మాత్రం పనికొస్తాయి, ట్రైలర్ చక్రాల సంగతి బండి సెన్సర్లకు మామూలుగా తెలియదు కదా.

ఇక సుఖం కోసం బండిలో పెట్టిన మిగతా సెట్టింగులు. ఇసుకలో వీటిలో సగం ఆఫ్‌లో ఉండటమే మేలు. బండి ఆగితే ఇంజన్ దానంతట అదే ఆగిపోయే సదుపాయం మెత్తని ఇసుకలో చికాకు. ఆఫ్ చేసినా చాలా బండ్లలో మళ్లీ స్టార్ట్ చేయగానే ఆన్ అయిపోతుంది, గుర్తుపెట్టుకుని నొక్కాలి. డోరు తెరవగానే బయటికొచ్చే కరెంటు మెట్లు లోతైన చాళ్లలో ఇసుకను గోకుతాయి, కీలులోకి ఇసుక పోతే ఆ మెట్టు ఇక లోపలికి రాకపోవచ్చు. వెనక్కి వచ్చేటప్పుడు తనే బ్రేకు వేసే సౌకర్యం, కూరుకున్న బండిని వెనక్కి తీసే సమయంలో ఒక గడ్డి దుబ్బును చూసి బ్రేకు వేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఒక్క సౌకర్యాన్ని మాత్రం బీచ్‌లో నేను అసూయగా చూస్తాను: ఫోర్డ్ బండ్లకు డోరు మీద ఉండే నంబర్ల మీటలు. తాళం బండిలోనే దాచి ఈతకు పోవచ్చు. రిమోట్ తాళాన్ని జేబులో పెట్టుకుని ఉప్పునీళ్లలోకి దిగిన రోజు ఆ మీటల విలువ నాకు తెలిసింది.

శాండ్ మోడ్ (ఇసుక కోసం కొత్త బండ్లలో ఉండే సెట్టింగు) గొప్పా, మనమే గేర్లు చూసుకోవడం గొప్పా అని బావమరిదితో దారంతా వాదన. శాండ్ మోడ్ చేసే పని ముఖ్యంగా చక్రం కాస్త జారగానే ఇంజన్ గొంతు నొక్కే ట్రాక్షన్ కంట్రోల్‌ని సడలించడం. అది నా పాత బండిలో 4హెచ్ (నాలుగు చక్రాలూ లాగే గేరు) వేసి, ట్రాక్షన్ కంట్రోల్ బటన్ నొక్కి పట్టుకుంటే చాలావరకు వస్తుంది. కొత్తగా నడిపేవాళ్లకు మోడే నయం, మర్చిపోవడానికి తక్కువ ఉంటుంది. కానీ గాలి తీయకుండా శాండ్ మోడ్ పెట్టుకుని దిగినవాళ్లను లాగడానికే ఆ రోజు మా తాడు రెండుసార్లు బయటికొచ్చింది.

కొత్త బండి కొనేవాళ్లు అడిగితే నేను చెప్పేది: నాలుగు అంకెలు విడివిడిగా కనిపించని బండి ఇసుక కోసం కొనకండి. హారన్ ఉంటే మంచిది, లేకపోయినా ఫర్వాలేదు. పాత బండి ఉన్నవాళ్లు పది పదిహేను డాలర్లు పెట్టి గేజ్ కొనుక్కుని, ఇసుకలో ఆగిన ప్రతిసారీ నాలుగు టైర్లకూ పెట్టి చూడండి. నేను ఆ తర్వాతి ట్రిప్పులో అలాగే చేశాను. బావమరిది కూడా ఒక డిఫ్లేటర్ కొన్నాడు. గ్లోవ్ బాక్స్‌లో నాకు కనిపించకుండా బండి కాగితాల కింద పెట్టాడు.