బడి గోడ మీద క్యూఆర్ కోడ్: ఉద్దానం మాస్టారి అనుభవం

మా బడి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, పలాసకు దగ్గర. నేను సైన్సు చెబుతాను. కరోనా తర్వాత బడులు తెరిచినప్పటి నుంచి క్యూఆర్ కోడ్‌లు వాడుతూనే ఉన్నాను. నాకు తేలిందొకటే: కోడ్ వెనక తెలిసిన గొంతు వినిపిస్తేనే ఊళ్ళోవాళ్ళు రెండోసారి స్కాన్ చేస్తారు.

పాఠ్యపుస్తకాల్లోని దీక్షా (ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక) కోడ్‌లు నాకు ఉపయోగపడ్డాయి. వీడియో ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా తరగతిలో చూపించొచ్చు. కానీ ఇంటి దగ్గర పిల్లలకు ఇది అందడం కష్టం. ఫోను నాన్న జేబులో ఉంటుంది. ఆయన పని నుంచి వచ్చేసరికి ఆ రోజు డేటా అయిపోయి ఉంటుంది.

తరగతిలో అన్నిటికంటే నచ్చింది ప్లికర్స్ అనే క్విజ్ యాప్. అచ్చంగా క్యూఆర్ కాదు గానీ అదే కోవలోది. ఒక్కో పిల్లవాడికి ఒక్కో గుర్తున్న కాగితం కార్డు. జవాబును బట్టి ఏ అక్షరం పైకి రావాలో చూసి కార్డు తిప్పి పట్టుకుంటారు. నా ఫోన్ కెమెరా వరసగా చదివేస్తుంది. పిల్లలకు ఫోన్లు అక్కర్లేదు. ఒక్కో కార్డు గుర్తు ఒక్కోలా ఉంటుంది కాబట్టి పక్కవాడిది చూసినా ప్రయోజనం ఉండదు. నోరు విప్పి జవాబు చెప్పని ఆడపిల్లలకు ఎంత తెలుసో ఈ కార్డులతోనే నాకు తెలిసింది. దీనికి నా పూర్తి మార్కులు.

తల్లిదండ్రుల దగ్గరకొస్తే కథ వేరు. కోడ్ అంటే మా ఊళ్ళో కిరాణా కొట్లో డబ్బు కట్టేది. అందుకే మొదట్లో "ఇది తీస్తే డబ్బులు పోతాయేటి మాస్టారూ?" అని అడిగేవారు. డబ్బులు కట్టే యాప్‌తోనే స్కాన్ చేసి, తెరుచుకోలేదని వదిలేసినవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు ప్రతి కోడ్ కింద తెలుగులో "మామూలు కెమెరాతో తీయండి, డబ్బు అడగదు" అని పెద్ద అక్షరాలతో రాస్తున్నాం. మరో ముఖ్యమైన మార్పు, పీడీఎఫ్ నోటీసు తీసేసి రెండు నిమిషాల ఆడియో పెట్టడం. చదువు రాని అమ్మలు టీచరమ్మ గొంతు విని మర్నాడు సందేహాలతో గేటు దగ్గరకొచ్చారు. వలస వెళ్ళి చెన్నైలోనో హైదరాబాదులోనో ఉన్న తండ్రులకు ఆ కోడ్ ఫొటో వాట్సాప్‌లో చేరుతుంది. తన ఫోన్లో ఉన్న బొమ్మను తన కెమెరాతోనే తీయలేడు కదా, అందుకే పక్కనే లింకు కూడా రాయాలి.

కోడ్ తయారీలో రెండు సంగతులు గుర్తుంచుకోండి. కొన్ని సైట్లు ఇచ్చే డైనమిక్ కోడ్ వాళ్ళ సర్వర్ మీదుగా వెళుతుంది. ఉచిత గడువు తీరితే గోడ మీది కోడ్ పనిచేయదు. మాకు ఒక సైటుతో అదే జరిగింది, పోస్టర్లన్నీ మళ్ళీ అచ్చు వేయించాం. లింకు నేరుగా కోడ్‌లోనే ఉండే స్టాటిక్ కోడ్‌కు ఆ బెడద లేదు. రెండోది, నెట్ అందని చోట కోడ్‌లోనే వాక్యాలు పెట్టొచ్చు గానీ, తెలుగుకు యూనికోడ్ (యూటీఎఫ్-8)లో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. కోడ్ సామర్థ్యం మహా అయితే 2,953 బైట్లు. వాక్యాలు పెరిగేకొద్దీ గళ్ళు చిన్నవై పాత ఫోన్లు చదవలేవు. రెండు మూడు వాక్యాలతో సరిపెట్టడం మేలు. వానకు తడిసే చోటైతే కోడ్ తయారుచేసేటప్పుడు తప్పుల సవరణను (కొంత చెరిగినా చదివించే ఏర్పాటు) అన్నిటికంటే ఎక్కువైన హెచ్ స్థాయిలో పెట్టండి, సుమారు 30 శాతం పాడైనా చదువుతుంది. కాకపోతే అప్పుడు కోడ్‌లో పట్టే మాటలు ఇంకా తగ్గుతాయి.

మా బడి ఆవరణలో జీడి, పనస, కొబ్బరి చెట్లకు కోడ్‌లు కట్టాం. పిల్లలు వాళ్ళ తాతలు, మామ్మల చేత చెప్పించి రికార్డు చేశారు. పనస దగ్గర ఒక తాత, 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు తోటలు ఎలా నేలకొరిగాయో చెబుతాడు. జీడి మొక్క వేస్తే కాపుకు ఎన్నేళ్ళు పడుతుందో లెక్క చెప్పి, మధ్యలో ఆగి దగ్గుతాడు. ఆ దగ్గు తీసేద్దామా అని అడిగితే పిల్లలు ఒప్పుకోలేదు. బడి మీటింగుకు ఎప్పుడూ రాని పెద్దలు ఆ చెట్ల దగ్గరకొచ్చి విన్నారు. కొందరు, మాకూ చెప్పాల్సినవి ఉన్నాయన్నారు.

ఇందులో పిల్లల పేర్లు, ఫొటోలు పెట్టం. లింకు ఎవరి చేతికైనా వెళ్తుంది. గేటు దగ్గరి కోడ్‌పై ఎవరైనా వేరే స్టిక్కర్ అతికించారేమో వారానికోసారి తొమ్మిదో తరగతి పిల్లలు స్కాన్ చేసి చూస్తారు. ఈ సంవత్సరం చెట్ల పక్కన పెట్టే కొత్త ఆడియోల కోసం మత్స్యకారుల పేటకు వెళ్తున్నాం.