టిప్‌మన్ 98 కస్టమ్: వేగం తగ్గితే ముందు సిలిండర్ చూడండి, తర్వాతే గన్

ఆనందపురం దాటాక ఒక జీడితోట అద్దెకు తీసుకుని సెలవు రోజుల్లో పెయింట్‌బాల్ (గ్యాస్ గన్‌లతో రంగు నింపిన బాల్స్ కొట్టుకునే ఆట) ఆడే బ్యాచ్ మాది. అప్పుడప్పుడు ఆఫీసుల వాళ్లు టీమ్ ఔటింగ్‌కి వస్తే వాళ్లకీ గన్‌లు ఇస్తాం. వాటిలో ఎక్కువ భాగం టిప్‌మన్ 98 కస్టమ్‌లే. విప్పడం, కడగడం, బిగించడం నా పని. కొత్తగా కొని డబ్బా తెరిచిన రోజు రాసే రివ్యూలు చాలానే దొరుకుతాయి. ఇది ఏళ్ల తరబడి వాడాక రాస్తున్నది. అది కూడా ముఖ్యంగా ఒక్క విషయం గురించి: "మొదట్లో బాగానే కొట్టేది, ఇప్పుడు బాల్ సగం దూరంలోనే పడిపోతోంది."

గన్ సంగతి ముందు చెప్పేస్తాను. అల్యూమినియం బాడీ, లోపల బ్యాటరీ గానీ సర్క్యూట్ గానీ లేదు. ట్రిగ్గర్ నొక్కితే వెనక బోల్ట్ (ముందుకీ వెనక్కీ జరిగే లోహపు ముక్క) స్ప్రింగ్ బలంతో ముందుకొచ్చి వాల్వ్‌ని కొడుతుంది. వదిలిన గ్యాస్‌లో కొంత బాల్‌ని తోస్తుంది, మిగతాది బోల్ట్‌ని మళ్లీ వెనక్కి నెడుతుంది. అంతే యంత్రం. కింద పడేసినా, ఎర్రమట్టిలో దొర్లించినా మళ్లీ పనిచేస్తుంది. కొత్తవాళ్ల చేతికి భయం లేకుండా ఇవ్వగలిగేది అందుకే. నచ్చనిది ఒకటే, లోపల శుభ్రం చేయాలంటే మరలన్నీ తీసి బాడీని రెండు సగాలు చేయాలి. ఆ విప్పడంలో చిన్న స్ప్రింగ్ ఒకటి ఎగిరి గడ్డిలో పడిందా, ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. టేబుల్ మీద తెల్ల తువ్వాలు పరిచి దాని మీద విప్పండి.

ఇక వేగం. ఆటస్థలాల్లో మామూలుగా పెట్టుకునే హద్దు సెకనుకు 280 నుంచి 300 అడుగులు. 300 దాటితే దెబ్బ తగిలేవాడికి ప్రమాదం. మేం 270 దగ్గరే ఆపుతాం, తోటలో దూరాలు తక్కువ కాబట్టి. ఇది కళ్లతో చూసి చెప్పగలిగేది కాదు, బాల్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉండాల్సిందే. అది లేకుండా "వేగం తగ్గింది" అనే మాటకి నా దగ్గర విలువ లేదు. తడిసిన బాల్ వంకరగా పోయినా అందరూ వేగం తగ్గిందనే అంటారు.

గన్ ఎడమ పక్కన వేగం సర్దే స్క్రూ ఉంటుంది. బయటికి తిప్పితే వేగం పెరుగుతుంది, లోపలికి తిప్పితే తగ్గుతుంది. వేగం పడిపోయిందనగానే అందరి చెయ్యీ అలెన్ కీ మీదకే పోతుంది. నేను ఒప్పుకోనిది ఇదే. సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్‌తో గబగబా కాలుస్తుంటే లోపలి ద్రవం ఆవిరవుతూ సిలిండర్‌ని చల్లబరుస్తుంది. 20 డిగ్రీల దగ్గర దాదాపు 830 పీఎస్ఐ ఉండే ఒత్తిడి, 0 డిగ్రీలకి 500 పీఎస్ఐ దగ్గరికి దిగుతుంది. సిలిండర్ మీద చెమట పట్టి, చెయ్యి పెడితే జివ్వుమంటుంది. వేగం పడిపోయేది అక్కడ, గన్‌లో ఏ లోపమూ లేదు. ఆ సమయంలో స్క్రూ బయటికి తిప్పి 270 తెప్పించారనుకోండి, భోజనాలయ్యేసరికి సిలిండర్ మళ్లీ వేడెక్కుతుంది. తర్వాత మొదటి బాల్ 300 దాటి పోతుంది. మా దగ్గర విరామం తర్వాత ప్రతి గన్‌నీ మళ్లీ క్రోనో చేయందే లోపలికి పంపం.

విశాఖలో దీనికి రెండో వైపు కూడా ఉంది. 31 డిగ్రీలు దాటితే సీఓటూ ఇక ద్రవంగా ఉండదు, ఎంత నొక్కినా సరే. మన మే నెల మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. బీచ్ రోడ్డులో కారు ఆపి డిక్కీలో నిండు సిలిండర్ వదిలేస్తే బర్స్ట్ డిస్క్ (ఒత్తిడి మితిమీరితే పగిలి గ్యాస్‌ని వదిలేసే రక్షణ రేకు) పగలడానికి మీరే ఏర్పాటు చేసినట్టు. గ్యాస్ నింపించేటప్పుడు తూకం వేయించండి. 20 ఔన్సుల సిలిండర్‌లో పట్టాల్సింది 567 గ్రాములే. కొన్ని చోట్ల చేతి అంచనాతో నింపేస్తారు, నేను వంటింటి డిజిటల్ తూకం వెంట తీసుకెళ్తాను. దుకాణం అబ్బాయి నవ్వుకున్నా పర్లేదు.

ఈ గొడవంతా వద్దనుకుని కొన్నిటిని గాలి సిలిండర్లకి మార్చాం. 3000 పీఎస్ఐ దాకా నిండుతుంది, మీద ఉన్న రెగ్యులేటర్ గన్‌కి 800 దరిదాపుల్లో ఇస్తుంది. ఎంత గబగబా కాల్చినా వేగం పెద్దగా ఊగదు. స్కూబా డైవింగ్ కంప్రెసర్ ఉన్నవాళ్లు ఆ ఒత్తిడికి నింపగలరు, కాబట్టి రుషికొండ ఉన్న ఊళ్లో ఇది అసాధ్యం ఏమీ కాదు. ఒక్క జాగ్రత్త. గన్‌లో వేసే నూనె గాలి సిలిండర్ నింపే ముక్కు దగ్గరికి రాకూడదు. అంత ఒత్తిడి గాలిలో నూనెకి నిప్పు అంటుకోవచ్చు.

గ్యాస్ సరిగానే ఉంది, వేగం మాత్రం తక్కువ. అప్పుడు కొన్ని బాల్స్ తొందరపడకుండా, మధ్యలో ఆగుతూ కాల్చి అంకెలు కాగితం మీద రాసుకోండి. అన్నీ ఒకేలా తక్కువగా ఉంటే స్ప్రింగ్ సడలిందేమో చూడాలి. కొత్త స్ప్రింగ్ పక్కన పెడితే పొడవులో తేడా తెలిసిపోతుంది. నిదానంగా కాలిస్తే బాగుండి, వేగంగా కాలిస్తే చచ్చిపోతుంటే గ్యాస్ సరిపడా రావట్లేదు. సిలిండర్ పిన్ అరిగి వాల్వ్ పూర్తిగా తెరుచుకోకపోయినా ఇదే లక్షణం. అంకెలు ఒకటి 270, ఇంకొకటి 220 అని గెంతుతుంటే మాత్రం బాల్స్‌నీ బ్యారెల్‌నీ అనుమానించండి.

బాల్స్ అంటే ఏముంది, జెలటిన్ తొక్క. మన ఊరి ఉక్కబోతకి అవి మెత్తబడి ఉబ్బుతాయి. ఉబ్బిన బాల్ బ్యారెల్‌లో బిగుసుకుంటుంది, పగులుతుంది. పగిలిన రంగు బోల్ట్ మీదకి వెళ్లి ఎండి జిగురవుతుంది, బోల్ట్ మందగించి వేగం ఇంకా పడుతుంది. వానాకాలంలో నేను చూసే "పాడైన" గన్‌లలో చాలావాటికి జబ్బు ఇదే. గోరువెచ్చని నీళ్లతో బ్యారెల్ కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. బాల్స్‌ని గాలి చొరబడని డబ్బాలో పెట్టి, వారానికోసారి అటూ ఇటూ దొర్లించాలి, లేకపోతే ఒక పక్క చదునుగా మారతాయి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, బయటికి తీయగానే తేమ పట్టేస్తుంది.

చివరికి మిగిలేవి ఓరింగులు, అంటే గ్యాస్ కారకుండా ఆపే గుండ్రటి రింగులు. వెనక బోల్ట్ చుట్టూ ఉండే ఓరింగ్ ఎండినా అరిగినా గ్యాస్ పక్కనుంచి జారిపోతుంది. బోల్ట్ వెనక్కి పూర్తిగా పోక, ఒక్కసారి నొక్కితే గన్ తనంతట తాను టకటకా కొట్టేస్తుంది. సిలిండర్ ఖాళీ అవుతున్నా అలాగే చేస్తుంది, కాబట్టి ముందు నిండు సిలిండర్ పెట్టి చూడండి. సిలిండర్ బిగించే చోట బుసకొడుతుంటే సబ్బు నీళ్లు రాయండి, బుడగలు వస్తే అక్కడి ఓరింగ్ మార్చాలి. బ్యారెల్‌లోంచి శబ్దం వస్తుంటే వాల్వ్ సీల్ పోయినట్టు. ఆటోనగర్‌లో హైడ్రాలిక్ సామాను అమ్మే షాపులకి పాత ఓరింగ్ తీసుకెళ్లి కొలత పెట్టించి తెచ్చుకోవచ్చు. సిలిండర్ మూతికి మాత్రం గట్టి పాలీయురేథేన్ రకం అడగండి, మామూలు నల్ల రబ్బరు సీఓటూ పీల్చి ఉబ్బిపోతుంది.

నూనె విషయంలో మాటలొద్దు. పెయింట్‌బాల్ ఆయిల్ కొన్ని చుక్కలు సిలిండర్ పట్టే మూతిలో వేసి, బాల్స్ లేకుండా కొన్నిసార్లు కాలిస్తే లోపలంతా పాకుతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టొద్దు, రబ్బరు పాడవుతుంది. బయట ఉన్న ఇనుప బోల్టులకి సముద్రపు గాలి ఎటూ తుప్పు పట్టిస్తుంది, వాటిని నూనె గుడ్డతో తుడిస్తే చాలు. విప్పే ముందు హాపర్ (పైన బాల్స్ పోసే డబ్బా) తీసి, సిలిండర్ విప్పేసి, గన్‌ని ఖాళీ వైపు పెట్టి మిగిలిన గ్యాస్ పోయేదాకా ట్రిగ్గర్ నొక్కాలి. ముఖానికి మాస్క్ ఉండాలి, గన్ ఖాళీగా ఉందని మీకు ఎంత నమ్మకం ఉన్నా సరే.

ఎవరు కొనుక్కోవచ్చు? శుభ్రం చేసే ఓపిక ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. ఆడేసి డిక్కీలో పడేసేవాళ్లకి ఈ ఊరి తేమలో ఏ గన్ అయినా ఒకటే. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే గన్ మీద గీతలు పట్టించుకోవద్దు. సిలిండర్ మీద కొట్టిన హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో సిలిండర్ బలం చూసే పరీక్ష) తేదీ చదవండి, గడువు దాటి ఉంటే ఆ మేరకు ధర తగ్గించమని అడగండి. దాన్ని కొత్త పరీక్ష కాకుండా నింపించుకోవద్దు.