డీ-డే సైనికుల జ్ఞాపకాలు: బీబీసీ 'పీపుల్స్ వార్' ఆర్కైవ్ ఎంతవరకు ఉపయోగపడుతుంది?

1944 జూన్ 6న ఫ్రాన్సు ఉత్తర తీరంలోని నార్మండీలో మిత్రరాజ్యాల సైన్యాలు దిగిన రోజు, అంటే డీ-డే గురించి పుస్తకాలకూ సినిమాలకూ కొదవ లేదు. ఆ రోజు పడవల్లోంచి నీళ్లలోకి దిగినవారు తమ మాటల్లో చెప్పుకున్నవాటిని ఒకేచోట, పైసా ఖర్చు లేకుండా చదువుకునే వీలు మాత్రం అరుదు. బీబీసీ నిర్వహించిన 'డబ్ల్యూడబ్ల్యూ2 పీపుల్స్ వార్' (రెండో ప్రపంచయుద్ధం, ప్రజల యుద్ధం) అనే ఆన్‌లైన్ ఆర్కైవ్ ఆ వీలు కల్పిస్తుంది. 2003 జూన్ నుంచి 2006 జనవరి వరకు ప్రజల నుంచి సేకరించిన సుమారు 47,000 కథనాలు, 15,000 చిత్రాలు ఇందులో ఉన్నాయి. వీటిలో డీ-డే ఒక భాగమే. అయినా ఈ సమీక్షను దానికే పరిమితం చేస్తున్నాను, ఎందుకంటే ఈ ఆర్కైవ్ బలమూ బలహీనతా రెండూ అక్కడ స్పష్టంగా కనబడతాయి.

ముందుగా సేకరించిన తీరు చూడాలి. 1944లో ఇరవై ఏళ్లున్న సైనికుడికి 2003 నాటికి డెబ్బై తొమ్మిదేళ్లు. ఆ వయసువారిలో ఎందరు కంప్యూటర్ ముందు కూర్చుని తమ కథ టైపు చేయగలరు? అందుకే గ్రంథాలయాలవంటి స్థానిక కేంద్రాలనూ, వాలంటీర్లనూ ఈ పనిలో కలుపుకున్నారు. పెద్దాయన చెబుతూ ఉంటే మరొకరు రాసి, ఆయన అనుమతితో ఆర్కైవ్‌లో చేర్చారు. చాలా కథనాల పైభాగంలో ఫలానావారి తరఫున ఫలానావారు చేర్చారనే వాక్యం కనిపిస్తుంది. పాఠకులు దాన్ని దాటేయకుండా చదవాలి. సైనికుడు స్వయంగా రాసినది, మనవరాలు విని రాసినది, తండ్రి పోయాక ఆయన నోటుపుస్తకం చూసి కొడుకు ఎత్తిరాసినది ఒకే తూకానివి కావు.

సైనిక చరిత్రల్లో చోటు దొరకని చిన్న విషయాలకు ఇక్కడ చోటు దొరికింది. సుమారు 1,56,000 మంది సైనికులు, దాదాపు 7,000 నౌకలు, యూటా, ఒమాహా, గోల్డ్, జూనో, స్వోర్డ్ అనే సంకేతనామాలు గల అయిదు తీరాలు అన్న లెక్క ఏ గ్రంథంలోనైనా దొరుకుతుంది. దక్షిణ ఇంగ్లండులో ముళ్లకంచె చుట్టిన శిబిరాల్లో బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా రోజులు గడపడం, అసలు ఊళ్ల పేర్లు లేని పటాలు చూసి ఎక్కడికి వెళ్తున్నామో ఊహించుకోవడం, చేతికి కొత్త ఫ్రెంచి నోట్లు ఇచ్చాక గాని గమ్యం ఏదో రూఢి కాకపోవడం, అక్కడివారు చెబితేనే తెలుస్తాయి. వాతావరణం బాగాలేదని మిత్రరాజ్యాల సర్వసేనాని ఐసెన్‌హోవర్ దాడిని జూన్ 5 నుంచి ఒక రోజు వాయిదా వేసిన సంగతి ప్రసిద్ధమే. అప్పటికే నౌకలెక్కి ఊగుతున్న సముద్రంమీద ఉన్నవారికి ఆ ఒక్క రోజు అంటే ఏమిటో ప్రసిద్ధం కాదు. సైనికులను ఒడ్డుకు చేర్చే, అడుగు చదునుగా ఉండే లాండింగ్ క్రాఫ్ట్‌లలో వాంతులు, వాటికోసం పంచిన కాగితపు సంచులు, పని చేయని మాత్రలు, తనంతట తానే వేడెక్కే సూపు డబ్బాలు ఆనాటి జ్ఞాపకాల్లో మళ్లీ మళ్లీ వస్తాయి. తుపాకుల ఎదుటికి వెళ్లడమైనా నయం, ఈ పడవ దిగితే చాలు అనుకున్నవారు ఎందరో.

కాల్బలం వాళ్లకే ఇందులో పెత్తనం లేకపోవడం నాకు బాగా నచ్చింది. లారీ నడిపినవాడు, వైర్‌లెస్ యంత్రం మోసినవాడు, ఇసుకమీద కాలు పెట్టకుండానే అటూ ఇటూ ప్రయాణాలు చేసి తిరుగు ప్రయాణంలో క్షతగాత్రులను తెచ్చిన నావికుడు, ఇంగ్లండులోనే ఉండి నర్సుగా వారిని అందుకున్న యువతి, ఇలా దండయాత్ర అనే పెద్ద యంత్రంలో ఏ మూల పనిచేసినవారైనా తమ భాగం తాము చెప్పుకోగలిగారు. సినిమా తీయాలనుకునేవారికి వీరిలో చాలామంది పనికిరారు. చరిత్ర తెలుసుకోవాలనుకునేవారికి వీరే ముఖ్యం.

ఇక నమ్మకం సంగతి. ఇవి ప్రజలు అందించిన జ్ఞాపకాలు, చరిత్రకారులు నిగ్గుతేల్చిన వాస్తవాలు కావు. అరవై ఏళ్ల తరువాత చెప్పిన మాటలో తేదీలు జరుగుతాయి, రెండు రోజులు ఒక రోజవుతాయి. నార్మండీలోని కాన్ నగరాన్ని మొదటి రోజే పట్టుకోవాలన్నది బ్రిటిష్ పథకం. ఆ నగరపు ఉత్తర భాగం చేతికి వచ్చేసరికి జూలై 9 అయింది. ఆ నడుమ ఒకే పొలాల్లో నెలకు పైగా పోరాడిన మనిషి ఫలానా సంఘటన మొదటి సాయంత్రం జరిగిందంటే అనుమానించడం తప్పు కాదు, ఆయన అబద్ధమాడుతున్నాడనుకోవడం తప్పు. సరిచూసుకోవడానికి దారి ఉంది: లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆనాటి బ్రిటిష్ దళాల వార్ డైరీలు (దళాలు రోజువారీగా రాసుకున్న నమోదులు) డబ్ల్యూఓ 171 అనే వరుసలో ఉన్నాయి. కథనంలో దళం పేరు ఉంటే ఏ రోజు ఎక్కడ ఉందో వాటిలో చూడవచ్చు. తీరం పేరు ఇంకా ముఖ్యం. నీళ్లపై తేలే టాంకులనే తీసుకోండి. ఒమాహా ఎదుట అమెరికన్ 741వ టాంకు బెటాలియన్ సముద్రంలోకి దింపిన 29 టాంకుల్లో 27 మునిగిపోయాయి, స్వోర్డ్ తీరంలో ఎక్కువ భాగం ఒడ్డు చేరాయి. తమ టాంకులు ఒడ్డు చేరాయని ఒకరు, కళ్లెదుటే మునిగాయని మరొకరు చెబితే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

నా ప్రధానమైన అభ్యంతరం పొరపాట్ల గురించి కాదు. ఈ కథనాల్లో అధికభాగంలో రెండో ప్రశ్న అడిగినవారు లేరు. పక్కనున్న మిత్రుడు పడిపోయాడని ఒక వాక్యం రాసి, తరువాతి వాక్యంలో టీ కాచుకున్నామని రాస్తే, ఆ రెంటి మధ్య ఏం జరిగిందని అడిగే మనిషి అక్కడ ఉండాలి. ఈ లోటు తీరాలంటే లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం శబ్ద భాండాగారానికి వెళ్లాలి. 1972లో మొదలైన ఆ సేకరణలో మాజీ సైనికులను శిక్షణ ఉన్నవారు గంటల తరబడి ప్రశ్నించారు. రికార్డింగులు రీళ్లవారీగా విభజించి, ఏ రీలులో ఏ విషయం ఉందో రాసి ఉంచారు, చాలావాటిని ఇంటినుంచే ఉచితంగా వినవచ్చు. గొంతు తడబడిన చోటూ, జవాబుకు ముందు పట్టిన మౌనమూ అక్కడ దొరుకుతాయి. అమెరికన్ల విషయంలో, 2000లో ఆ దేశ కాంగ్రెస్ చేసిన చట్టంతో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ప్రారంభించిన వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్ట్ ఉంది. ముఖాముఖి కనీసం 30 నిమిషాలు ఉండాలని వారి నిబంధన, అది మంచి నిబంధన. విస్తృతికి బీబీసీ, లోతుకు మ్యూజియం అన్నది నా అంచనా.

లేనివారి గురించి కూడా చెప్పాలి. అమెరికాలోని బెడ్‌ఫర్డ్‌లో ఉన్న నేషనల్ డీ-డే మెమోరియల్ లెక్క ప్రకారం ఆ ఒక్క రోజు 4,400 మందికి పైగా మిత్రరాజ్యాల సైనికులు మరణించారు. వారి మాట ఏ ఆర్కైవ్‌లోనూ ఉండదు. అయితే ఇది ప్రధానంగా బ్రిటన్‌వారి సేకరణ కనుక, బాంబుల కింద సుమారు 20,000 మంది పౌరులను కోల్పోయిన నార్మండీ కుటుంబాల వైపు నుంచీ, జర్మన్ యూనిఫారాల్లో ఆ తీరాన్ని కాసిన జార్జియన్ల వంటి సోవియట్ యుద్ధఖైదీల వైపు నుంచీ ఇక్కడ దొరికేది స్వల్పం. దీన్నొక్కదాన్నే చదివి నార్మండీ తెలిసిపోయిందనుకోరాదు.

తెలుగువారిలో స్థానిక చరిత్ర రాసేవారు ఈ ఆర్కైవ్ విషయంకన్నా పద్ధతిని గమనిస్తే మేలు. ఆ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకు చేరింది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం వంటి ఊళ్లనుంచి రెండు ప్రపంచయుద్ధాలకూ మనుషులు వెళ్లారు. వెళ్లినవారిని అడిగే కాలం దాదాపు దాటిపోయింది. వారి ఉత్తరాలు, పెన్షన్ కాగితాలు, పతకాలు, ఇంట్లో విన్న మాటలు ఇంకా ఉన్న కుటుంబాలకు గ్రంథాలయంలో ఒక బల్ల, రాసిపెట్టే ఒక వాలంటీరు సరిపోతారు. ఎవరు చెప్పారు, ఎవరు రాశారు, ఏ తేదీన అన్న మూడు వివరాలు ప్రతి కాగితంమీదా ఉంచడం ఈ ఆర్కైవ్ నుంచి తప్పక తీసుకోవలసిన అలవాటు.

చదవాలనుకునేవారికి ఒక సూచన. ప్రసిద్ధమైన ఒమాహాతో మొదలుపెట్టవద్దు. అది అమెరికన్ దళాల తీరం, ఈ సేకరణ బలం అక్కడ తక్కువ. గోల్డ్‌నో స్వోర్డ్‌నో ఎంచుకుని, ఒకే దళానికి చెందినవారి కథనాలు వరుసగా చదివి, ఆ దళానికే చెందిన ఒక రికార్డింగును మ్యూజియం సైటులో వినండి. కొత్త కథనాలు తీసుకోవడం 2006లోనే ఆగిపోయింది కనుక ఇప్పుడు చేర్చడానికీ దిద్దడానికీ వీలుండదు. ప్రతి కథనానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఎక్కడైనా ఉటంకించదలచుకుంటే కథనం పేరుతోపాటు ఆ సంఖ్యనూ, చేర్చిన తేదీనీ రాసి ఉంచుకోండి.