పాత ఆల్బమ్ మొదటిసారి: ఫోనులోనా, రికార్డు మీదనా?

పాత ఇంగ్లీషు ఆల్బమ్‌లు ఇన్నాళ్లకు వింటున్న బెంగళూరు తెలుగువాణ్ని. సంగీత జ్ఞానం సున్నా.

ఖర్చు: ఫోనుకు నెల చందా చాలు. రికార్డుకు (రెండు వైపులా పాటలుండే నల్లటి పళ్లేనికి) ప్లేయర్, స్పీకర్లు, ఆపైన ఒక్కో కొత్త రికార్డుకు వేలల్లో.

శ్రమ: ఫోనులో అయితే వైట్‌ఫీల్డ్ నుంచి మెట్రోలో వస్తూనే ఆల్బమ్ ముగించవచ్చు. రికార్డును సుమారు ఇరవై నిమిషాలకోసారి లేచి రెండో వైపుకు తిప్పాలి. ఆ బద్ధకమే నాకు ఒక సంగతి నేర్పింది. బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ వారి ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ (1973) ఫోనులో విన్నప్పుడు, మాటల్లేని ఒక స్త్రీ ఆలాపన సద్దుమణగగానే తర్వాతి పాటలోని నాణేల గలగల మొదలైంది. ఉలిక్కిపడ్డాను, కాస్త చిరాకు కూడా పడ్డాను. మిత్రుడి ఇంట్లో రికార్డు పెట్టాక తెలిసింది: ఆలాపనతో మొదటి వైపు అయిపోతుంది, నాణేలు రెండో వైపువి. నడుమ ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంది!

ప్రమాదం: ఫోనులో పాటల వరుస చెదురుతుంది, నచ్చకపోతే వేలు ఊరుకోదు. రికార్డుకు గీతలు, దుమ్ము.

మొదటి పరిచయానికి ఫోనే మేలు. మూడోసారీ వినాలనిపించిన ఆల్బమ్ ఉంటేనే రికార్డు కొనండి. ఏటా అద్దె ఇల్లు మారేవారు మాత్రం దాని జోలికి పోవద్దు, మోయలేరు.