తిండి నాలుగు ముక్కలు, ఆకలి పది మందికి: ‘ది వాకింగ్ డెడ్’ మొదటి సీజన్ గేమ్

జాంబీల గేమ్ అంటే తుపాకీ పట్టుకుని కనిపించినవాడినల్లా కాల్చుకుంటూ పోవడమే అనుకునేవాళ్లకి ఇది నచ్చదు, ముందే చెప్పేస్తున్నా. టెల్‌టేల్ వాళ్లు 2012లో ఐదు ఎపిసోడ్లుగా వదిలిన ఈ గేమ్‌లో మన నోరే మన ఆయుధం. మీరు లీ ఎవరెట్. ఒకప్పుడు హిస్టరీ ప్రొఫెసర్, హత్య కేసులో శిక్ష పడి జైలుకి తీసుకెళ్తుంటే దారిలోనే లోకం తలకిందులవుతుంది. ఎనిమిదేళ్ల క్లెమెంటైన్ ఒంటరిగా దొరుకుతుంది. ఇక అక్కడి నుంచి ఎదురైన మనుషులతో సర్దుకుపోతూ బతకాలి.

నాకు అన్నిటికన్నా నచ్చిన సీన్‌లో జాంబీలతో పనే లేదు. రెండో ఎపిసోడ్ మొదట్లో అందరూ ఒక మోటెల్‌లో తలదాచుకుని ఉంటారు, తిండి దాదాపు అయిపోయింది, రోజూ పంచి పంచి తిట్లు తిని విసిగిపోయిన లిల్లీ ఆ పని లీకి అంటగడుతుంది. ఉన్నవి నాలుగే, మనుషులు పది మంది. పిల్లలిద్దరికీ ఇచ్చేశామనుకోండి, మిగతా రెండూ ఎవరికి? నోరు తెరిస్తే తిట్టే లిల్లీ తండ్రి లారీకా, నిన్నే వచ్చినట్టున్న కొత్త కుర్రాడికా, లేక మనమే ఒకటి తినేద్దామా? మెనూలో టిక్ పెట్టి వదిలించుకునే వీల్లేదు, ఒక్కొక్కరి దగ్గరికీ నడిచి వెళ్లి చేతికివ్వాలి, ఇవ్వనివాళ్ల ముందు నుంచే వెనక్కి రావాలి. అంతకన్నా టెన్షన్ పెట్టిన ఫైటింగ్ సీన్ ఇందులో లేదు.

మాటల సంగతీ అంతే. జవాబు ఎంచుకునేలోపు కింద గీత కరిగిపోతుంటుంది, ఏమీ అనకపోతే మౌనాన్నే జవాబుగా తీసుకుంటారు. గుంపులోనే ఉండే కెన్నీ, లిల్లీ గొడవ పడుతుంటే మధ్యలో నిలబడి ఇద్దరినీ మెప్పిద్దామని చూస్తే ఇద్దరికీ చెడతాం. సబ్‌టైటిల్స్ మాత్రం ఆన్ చేసుకోండి, లేకపోతే వాళ్లు ఏమన్నారో అర్థమయ్యేలోపే టైమ్ అయిపోతుంది.

ఇక తిట్టాల్సినవి. మొదటి ఎపిసోడ్‌లో మన గుంపులోని డగ్, కార్లీ ఇద్దరిలో ఒక్కరినే కాపాడగలం, కానీ ఎవరిని కాపాడినా అసలు కథ మళ్లీ అదే దారిలోకి వచ్చి పడుతుంది. ఫలానావాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటారని స్క్రీన్ మీద ఊరికే వస్తుంటుంది, సగం సార్లు దానివల్ల ఒరిగేదేమీ ఉండదు. రెండోసారి ఆడితే ఈ గుట్టు పూర్తిగా బయటపడుతుంది, కాబట్టి ఒక్కసారి ఆడి వదిలేయడమే మేలు. అయితే మనుషుల విషయంలో మోసం తక్కువ: నాలుగో ఎపిసోడ్ చివర మీ వెంట ఎవరు వస్తారన్నది అంతవరకూ వాళ్లతో మీరు ఎలా ఉన్నారన్నదాన్ని బట్టే ఉంటుంది, ముఖ్యంగా కెన్నీ లెక్కలన్నీ తీస్తాడు. పజిల్స్ మరీ చిన్నపిల్లలవి. ఒకదాంట్లో, రిపోర్టర్ అయ్యుండి పనిచేయని రేడియోలో బ్యాటరీలు ఉన్నాయో లేదో చూసుకోదు కార్లీ!

ఎపిసోడ్ అయ్యాక మిగతా ఆటగాళ్లలో ఎంత శాతం మీలాగే చేశారో చూపిస్తారు, అది సరదాగా ఉంటుంది. 2018లో ఆఖరి సీజన్ మధ్యలోనే టెల్‌టేల్ మూతపడితే మిగతా భాగం స్కైబౌండ్ అనే మరో కంపెనీ పూర్తి చేసింది, 2019లో సీజన్లన్నీ కలిపి ‘డెఫినిటివ్ సిరీస్’గా తెచ్చింది. కొంటే అదే కొనండి, మొదటి సీజన్‌తోనే మొదలుపెట్టండి. రెండోదాంట్లో మీరు ఆడేది క్లెమెంటైన్‌గా, ఆమెని లీ ఎలా పెంచాడో తెలియకపోతే ఆ సీజన్ సగం చప్పగా ఉంటుంది.