101 ఎక్స్‌ప్రెస్ లేన్‌తో తంటా అంతా ఆ 1-2-3 స్విచ్‌దే

కాలిఫోర్నియా శాన్ మాటియో కౌంటీలో 101 హైవే మీద టోల్ కట్టి వెళ్లే లేన్ ఇది. శాన్ బ్రూనో దగ్గరి 380 హైవే దాకా దీన్ని పొడిగించింది 2023 మార్చిలో. ఇన్నాళ్ల వాడకంలో లేన్ మీద కన్నా టోల్ కోసం విండ్‌షీల్డుకు అంటించుకునే ఫాస్ట్రాక్ ఫ్లెక్స్ ట్యాగ్ మీదే కోపం ఎక్కువ. కారులో ఎందరున్నారో చెప్పడానికి దాని మీద 1, 2, 3 అంకెల స్విచ్ ఉంటుంది.

ముగ్గురుంటే ఉచితం, ఇద్దరుంటే సగం. ఇది అందరికీ తెలిసిందే. కారులో ముగ్గురున్నారు, స్విచ్ 3 మీదే ఉంది, అయినా పూర్తి టోల్ పడింది. ఎందుకు? లేన్ పైనున్న, ట్యాగ్‌ను చదివే రీడర్‌కు సిగ్నల్ అందకపోతే కెమెరా నంబర్ ప్లేటు ఫోటో తీస్తుంది, ఆ ప్లేటు ఉన్న ఖాతాలోంచి డబ్బు పోతుంది. ప్లేటుకు స్విచ్ ఉండదుగా! లోపల ఎందరున్నా ఒంటరి ప్రయాణం కిందే లెక్క. ట్యాగ్‌ను కప్ హోల్డర్‌లోనో గ్లవ్ బాక్సులోనో పడేస్తే ఈ ముప్పు ఉండనే ఉంది. బుద్ధిగా అంటించినా కొన్ని కార్లలో తప్పదు. ఎండ వేడి ఆపడానికి అద్దానికి వేసే లోహపు పూత సిగ్నల్‌నూ ఆపేస్తుంది. అలాంటి అద్దాల్లో రియర్‌వ్యూ మిర్రర్ పక్కన, చాలావరకు నల్ల చుక్కలున్న దగ్గర, పూత లేకుండా కాస్త జాగా వదులుతారు. ట్యాగ్ అక్కడే ఉండాలి. కచ్చితంగా ఎక్కడన్నది కారు మాన్యువల్లో దొరుకుతుంది. పాత ట్యాగ్ లోపలి బ్యాటరీ అయిపోయినా ఇదే తంతు. స్టేట్‌మెంట్‌లో ట్యాగ్ నంబరు ఉండాల్సిన చోట ప్లేటు నంబరు కనబడితే వెంటనే ట్యాగ్ సంగతి చూసుకోండి.

ఇక మరుపు. పిల్లల్ని బడి దగ్గర దింపి, స్విచ్ 3 మీదే ఉంచి ఒక్కరే లేన్ ఎక్కారనుకోండి, హైవే పోలీసు ఆపితే జరిమానా కనీసం 490 డాలర్లు. 1 మీద మరిచిపోతే పోయేది ఆ పూట టోలే. కాబట్టి దిగేముందు స్విచ్‌ను 1కి జరిపేయడం మేలు. అన్నట్టు, కార్ సీట్లోని నెలల పాప కూడా మనిషి లెక్కే.

మెచ్చుకోవాల్సింది ధర బోర్డు. పై వరుసలో ఈ జోన్ (లేన్‌లో ఒక భాగం) చివరిదాకా ధర, కింది వరుసలో ఇంకా ముందున్న ఊరిదాకా. ఎక్కేటప్పుడు చూసిన ధర తర్వాత పెరిగినా, ఆ జోన్‌కు చూసినంతే.

అయితే రెడ్‌వుడ్ సిటీలోని విపుల్ అవెన్యూకు ఉత్తరాన మాత్రమే కొత్తగా వేసిన లేన్. దక్షిణాన ఉన్న కార్‌పూల్ లేన్‌నే మార్చారు. అక్కడ ఇద్దరితో ఊరికే వెళ్లినవాళ్లు ఇప్పుడు సగం కడుతున్నారు. ఒంటరిగా వెళ్లే ఈవీ (విద్యుత్ కారు) వాళ్లకు స్టిక్కర్‌తో దక్కిన సగం రాయితీ కూడా 2025 సెప్టెంబర్ 30తో పోయింది.

ముగ్గురు కలిసి రోజూ శాన్ మాటియో దాటేవాళ్లకు నిస్సందేహంగా లాభమే. ఒంటరివాళ్లకైతే ఆలస్యమైతే కుదరని రోజున మాత్రమే అంటాను. ఆఫీసు వేళ మీ చేతుల్లో ఉంటే రాత్రి 8 దాటాక బయల్దేరండి. ఉదయం 5 దాకా, శని ఆదివారాల్లో పూర్తిగా, స్విచ్ ఏ అంకె మీదున్నా టోల్ లేదు.